దొంగ పట్టా రద్దు పొలం దాకా రావాలి

చర్ల, దుమ్ముగూడెం, అశ్వాపురం, ములకలపల్లి, దమ్మపేట... ఎటు వెళ్లినా, భూమి మాట వచ్చేసరికి జనం అడిగే ప్రశ్న ఒకటే. "ఏజెన్సీలో గిరిజనేతరుడు కొన్న భూమి చెల్లదని చట్టం ఉందంటారు గదా. మరి ఆ చెలకలో ఇప్పటికీ ఆయన పత్తే ఎందుకు పండుతోంది?" ఈ పూట నా ప్రసంగమంతా ఈ ప్రశ్నకు జవాబే. మోసంతో సంపాదించిన పట్టా చట్టం దృష్టిలో పుట్టినప్పుడే చచ్చింది. కానీ ఎవరో ఒకరు దాన్ని అధికారి ముందు పెట్టాలి, చెల్లదని ఉత్తర్వు రాయించాలి, ఆ ఉత్తర్వును రికార్డులోకి ఎక్కించాలి, చివరికి పొలంలో హద్దురాయి పాతించాలి. అంతదాకా ఆ చచ్చిన కాగితమే భూమిని ఏలుతుంది. నేను చూసినంతలో మన దగ్గర లోపం చట్టంలో తక్కువ. ఉత్తర్వుకీ పొలానికీ మధ్య ఉన్న దారిలోనే ఎక్కువ.

ముందు చట్టం సంగతి. మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునేది 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనకు 1970లో చేసిన సవరణ. అది 1970 ఫిబ్రవరి 3 నుంచి అమలులోకి వచ్చింది. అందులో రెండు మాటలు ప్రాణం. ఏజెన్సీలో భూమి ఎవరు అమ్మినా, అమ్మేవాడు గిరిజనుడైనా గిరిజనేతరుడైనా, కొనేవాడు గిరిజనుడు కాకపోతే ఆ బదలాయింపు పూర్తిగా చెల్లదు. గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘం కొనవచ్చు. ఇది మొదటి మాట. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర నుంచే వచ్చిందని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన బరువు ఆ గిరిజనేతరుడిదే. ఇది రెండో మాట. అమ్మకం ఒక్కటే కాదు, కౌలు, తాకట్టు, దానం, మార్పిడి కూడా బదలాయింపు కిందికే వస్తాయి. కౌలుకే ఇచ్చాను, అమ్మలేదు గదా అనుకునే కోయ రైతులు చాలామంది ఉన్నారు. గిరిజనేతరుడికి ఇస్తే ఆ కౌలూ చెల్లదు. ఈ చట్టాన్ని సవాలు చేస్తూ కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1988లో పి. రామిరెడ్డి కేసులో కోర్టు దీన్ని నిలబెట్టింది.

ఇంత గట్టి చట్టం ఉన్నప్పుడు మోసానికి సందు ఎక్కడ దొరికింది? తారీఖులో దొరికింది.

మన గోదావరికి రెండు ఒడ్డులూ రెండు రాజ్యాల కింద పెరిగాయి. భద్రాచలం, నూగూరు తాలూకాలు మద్రాసు ప్రభుత్వం కింద గోదావరి జిల్లాలో ఉండేవి. అక్కడ 1917లోనే ఏజెన్సీ చట్టం వచ్చింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండ జాతివారి భూమి బయటివారికి పోకూడదని ఆ చట్టం. ఇవతలి ఒడ్డున పాల్వంచ, బూర్గంపాడు, ఇల్లెందు నైజాం ఏలుబడిలో ఉండేవి. 1940లో నైజాం మీద తిరగబడ్డ గోండు నాయకుడు కొమురం భీం అమరుడైన తర్వాత, మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ ఊళ్లు తిరిగి రాసిన నివేదికల తర్వాత, 1946లో ఇక్కడ గిరిజన ప్రాంతాల నిబంధన వచ్చింది. 1959 నాటి నిబంధన ఈ ఒడ్డుకు వర్తించింది 1963 డిసెంబరు 1 నుంచి. కాబట్టి నది దాటితే తారీఖు మారుతుంది. ఒకే రకం కాగితం దుమ్ముగూడెంలో చెల్లకపోవచ్చు, అశ్వాపురంలో చెల్లవచ్చు. 1995లో సుప్రీంకోర్టు వెంకటరమణయ్య కేసులో ఇంకో మాట చెప్పింది. ఈ నిబంధన వెనక్కి పనిచేయదు, అది రాకముందు న్యాయంగా జరిగిన బదలాయింపులను తాకదు అని. న్యాయంగా చూస్తే ఆ మాట సరైనదే. కానీ ఆ తీర్పు తర్వాత 1970కి ముందు తారీఖున్న ప్రతి కాగితం విలువా పెరిగిపోయింది. పాత తారీఖు వేసుకున్నవాడు గెలుస్తాడు. అందుకే ఈ భూబదలాయింపు నిబంధన (ఎల్‌టీఆర్) కేసుల్లో 1962, 1965, 1968 తారీఖులతో సాదాబైనామాలు, అంటే రిజిస్టరు కాని అమ్మకం కాగితాలు, కట్టలు కట్టలుగా బయటికి వస్తాయి.

ఆ కాగితాలను ఎలా చదవాలో కాస్త వివరంగా చెబుతాను. ఇక్కడే మోసం దొరుకుతుంది, మనవాళ్లు తొందరగా వదిలేసేదీ ఇక్కడే. మండలాలు వచ్చింది 1985లో. అంతకుముందు తాలూకాలు. 1968లో రాసినట్టున్న దస్తావేజులో "అశ్వారావుపేట మండలం" అని కనిపిస్తే, అది 1985 తర్వాత రాసిందేనని చెప్పడానికి వకీలు అక్కర్లేదు. ఖమ్మం జిల్లా ఏర్పడింది 1953 అక్టోబరు 1న. భద్రాచలం ఆ జిల్లాలో కలిసింది 1959లో. 1957 తారీఖు వేసుకున్న కాగితం "ఖమ్మం జిల్లా, భద్రాచలం తాలూకా" అని మొదలైతే రాసినవాడికి చరిత్ర తెలియదన్నమాట. నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ నుంచి. తపాలా పిన్‌కోడ్ వచ్చింది 1972లో. స్టాంపు కాగితం వెనక్కి తిప్పి చూడండి. ఎవరు కొన్నారు, ఏ తారీఖున కొన్నారు, ఏ వెండరు అమ్మాడు అన్నది అక్కడ రాసి ఉంటుంది. కాగితం మీద తారీఖు కన్నా స్టాంపు కొన్న తారీఖు తర్వాతదైతే ఇక మాట్లాడవలసింది లేదు. సంతకం పెట్టిన సాక్షి ఆ నాటికి ఎన్నేళ్లవాడు? ఓటరు జాబితా, బడి రికార్డు తీయించండి. వేలిముద్ర వేసిన పెద్దాయన అప్పటికి బతికే ఉన్నాడా? ఊళ్లో ముసలమ్మలు సంవత్సరం చెప్పలేకపోవచ్చు, ఏ వరద ముందో ఏ వరద తర్వాతో తప్పకుండా చెబుతారు.

అన్నిటికన్నా పెద్ద సాక్షి పహాణీ. ఇవతలి నైజాం ఒడ్డున 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అవతలి ఒడ్డున సెటిల్మెంటు నాటి ఫెయిర్ అడంగల్. 1965లో నిజంగానే భూమి కొని దున్నుకున్నవాడి పేరు ఆ తర్వాతి పహాణీల్లో, కనీసం అనుభవదారు కాలమ్‌లో, ఎక్కడో ఒకచోట కనబడాలి. శిస్తు రశీదు ఒక్కటైనా ఉండాలి. ఇరవై ఏళ్లపాటు ఏ రికార్డులోనూ కనబడని కొనుగోలు ఒక్కసారిగా కేసు పడ్డ మర్నాడు బయటికి వస్తే దాన్ని నమ్మనవసరం లేదు. ఇంకో సంగతి. ముప్పై ఏళ్లు దాటిన దస్తావేజు సరైన చేతుల్లోంచి వస్తే, సాక్షులు లేకపోయినా దాన్ని నిజమైనదిగా కోర్టు అనుకోవడానికి సాక్ష్యాల చట్టం వీలిచ్చింది. అనుకోవచ్చు అంతే, అనుకుని తీరాలని లేదు. ఆ వీలునే దొంగ కాగితం వాడుకుంటుంది. అందుకని ఎదురు రుజువు విచారణ మొదటి రోజునే పెట్టాలి.

కాగితం వెనక్కి రాయడం ఒక పద్ధతి. మనిషిని ముందు పెట్టడం ఇంకో పద్ధతి. పాలేరుగా ఉన్న కోయ కుర్రాడి పేరున కొని, తోట మాత్రం తానే వేసుకుని, పామాయిల్ గెలల డబ్బు తన ఖాతాలో వేసుకునే వాళ్లున్నారు. పట్టా ఎవరి పేరున ఉందో చూసి అధికారులు తృప్తిపడితే ఈ మోసం ఎప్పటికీ బయటపడదు. మందులు ఎవరు కొన్నారు, కూలి ఎవరు ఇచ్చారు, పంట ఎవరు అమ్మారు అని అడగాలి. తప్పుడు కులపత్రంతో గిరిజనుడినని చెప్పి కొన్నవాళ్ల సంగతి మరొకటి. 1993 నాటి కులధ్రువీకరణ చట్టం కింద ఆ పత్రాన్ని కలెక్టరు రద్దు చేయవచ్చు. పత్రం పోతే దాని మీద నిలబడ్డ కొనుగోలూ పోతుంది. అయితే ఈ రెండూ రెండు వేర్వేరు ఉత్తర్వులు. ఒకటి వచ్చిందని రెండోది దానంతటదే రాదు.

అవతలి ఒడ్డున సెటిల్మెంటు పట్టాల గొడవ ఉంది. 1970లోనే వచ్చిన రెండో నిబంధన కింద ఏజెన్సీలో రైత్వారీ పట్టాలు ఇచ్చారు. గిరిజనేతరుడికి పట్టా ఇవ్వాలంటే అతని స్వాధీనం భూబదలాయింపు చట్టాలకు విరుద్ధంగా ఉండకూడదని ఆ నిబంధనలోనే రాసి ఉంది. అంటే పట్టా ఇచ్చే అధికారి ముందు 1917 చట్టం ప్రకారం విచారించాలి. విచారణ జరగకుండా చేతిలో పడ్డ పట్టా ఇవాళ్టికీ ప్రశ్నించదగ్గదే. గవర్నమెంటు ముద్ర ఉంది గదా అని జనం భయపడి వెనక్కి తగ్గుతారు. ముద్ర మోసాన్ని శుద్ధి చేయదు.

ఈ మాట నేను సొంతంగా చెబుతున్నది కాదు. 1993లో చెంగల్వరాయ నాయుడి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మోసంతో పొందిన తీర్పు ఏ కోర్టులోనైనా, అది చిన్న కోర్టయినా సరే, లేనట్టే లెక్క. దాన్ని ఎప్పుడైనా ప్రశ్నించవచ్చు. కుమ్మక్కై రాజీ డిక్రీలు తెచ్చుకున్నవాళ్లకు ఇది తగిలే మాట. కానీ పక్కనే ఇంకో తీర్పు ఉంది, అది మన తెలంగాణ నుంచే వెళ్లింది. ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం కేసులో 2003లో సుప్రీంకోర్టు ఒక హద్దు గీసింది. అధికారి ఎప్పుడైనా స్వయంగా విచారించవచ్చని చట్టంలో ఉన్నా, సమంజసమైన కాలంలోనే చేయాలి. మోసమైతే ఆ మోసం బయటపడ్డ రోజు నుంచి లెక్క. అది కౌలుదారీ చట్టం కేసే అయినా, ఆలస్యమైందన్న ఆ వాదన ఏజెన్సీ కేసుల్లోనూ వినబడుతుంది. అందుకని మోసం మీకు ఎప్పుడు తెలిసింది, ఎలా తెలిసింది అన్నది దరఖాస్తులో తారీఖుతో సహా రాయండి. తెలిశాక ఊరుకోకండి. ఊరుకున్న ప్రతి సంవత్సరం అవతలివాడి వైపు సాక్ష్యమవుతుంది.

దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి? గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గర. అప్పీలు ఏజెంటు హోదాలో ఉండే కలెక్టరుకు, అదనపు ఏజెంటుగా సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారికి. ఆ తర్వాత ప్రభుత్వానికి రివిజను. భూమి పోగొట్టుకున్నవాడే రావాలని లేదు. దానితో సంబంధమున్న ఎవరైనా దరఖాస్తు ఇవ్వవచ్చు, ప్రభుత్వోద్యోగి తెలియజేయవచ్చు, అధికారే తనంతట తాను కేసు తీసుకోవచ్చు. భూమి తిరిగి ఇచ్చేటప్పుడు అసలు యజమానికో వారసులకో ఇవ్వాలి. వాళ్లు వద్దన్నా, జాడ తెలియకపోయినా మరో గిరిజనుడికి ఇవ్వాలి, అంతేగానీ మళ్లీ గిరిజనేతరుడికి పోకూడదు. సబ్‌రిజిస్ట్రారు దగ్గరికెళ్లి ఒక్కరే సంతకం పెట్టి అమ్మకం దస్తావేజును రద్దు చేయించుకుందామనుకునేవాళ్లు ఆ దారి మూసుకుపోయిందని తెలుసుకోవాలి. ఒక పక్షం ఏకపక్షంగా చేసిన రద్దు దస్తావేజు చెల్లదని 2010లో తోట గంగాలక్ష్మి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

నోటీసు గురించి కూడా ఒక మాట. అవతలివాడు మోసగాడని ఎంత రూఢిగా తెలిసినా, అతనికి నోటీసు ఇచ్చి, మాట విని, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. అలా చేయని ఉత్తర్వు హైకోర్టులో ఒక్క రోజు నిలవదు. అప్పుడు నష్టపోయేది మళ్లీ గిరిజనుడే. కేసు వెనక్కి వస్తుంది, ఇంకో పదేళ్లు గడుస్తాయి. తొందరపాటు ఉత్తర్వు కన్నా పకడ్బందీ ఉత్తర్వు కావాలని అధికారులను మనమే అడగాలి.

ఇక రావలసిన అసలు చోటుకు వచ్చాం. ఉమ్మడి రాష్ట్రంలో 2000ల మధ్య నాటికి ఈ చట్టం కింద సుమారు 72 వేల కేసులు గుర్తించారు. భూమి 3 లక్షల ఎకరాల పైమాటే. తీర్పు వచ్చిన కేసుల్లో దాదాపు సగం గిరిజనులకు వ్యతిరేకంగా పోయాయి. రుజువు బరువు గిరిజనేతరుడి మీద పెట్టిన చట్టం కింద సగం కేసులు ఓడిపోవడమేమిటని నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పిలుపు అందక, వాయిదాకు బస్సు ఖర్చులు లేక, తెలుగు చదవలేక, కాగితాన్ని వెనక్కి తిప్పి చూసేవాళ్లు లేక పోయినవి ఆ సగంలో ఎన్నో.

గెలిచిన సగం సంగతీ అంత గొప్పగా లేదు. ఉత్తర్వు వచ్చింది, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చాడు, పంచనామా రాశాడు, భూమి అప్పగించినట్టు సంతకాలయ్యాయి. తొలకరికి అరక కట్టింది మాత్రం పాత ఆసామే. పంచనామా కాగితం మీద జరిగింది, పొలంలో జరగలేదు. రద్దయిన పట్టా రికార్డుల్లో గరికలాంటిది. ఒకచోట పీకితే ఇంకోచోట చిగురిస్తుంది. పహాణీలో పేరు కొట్టేస్తారు, పాసు పుస్తకం అతని దగ్గరే ఉంటుంది. పాసు పుస్తకం వెనక్కి తీసుకుంటారు, బ్యాంకులో దాని మీద తీసుకున్న అప్పు నడుస్తూనే ఉంటుంది. 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగింది, 2018లో రైతుబంధు మొదలైంది, 2020లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. రికార్డు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు ఎక్కిన ప్రతిసారీ పాత తప్పు కొత్త పేజీలోకి నడిచి వచ్చే ప్రమాదముంది. ధరణిలో అనుభవదారు కాలమ్ లేకుండానే చేశారు. పొలంలో ఎవరున్నారో రికార్డు చెప్పడం మానేసింది. ఏజెన్సీ రైతుకు అది పెద్ద దెబ్బ అని నా అభిప్రాయం. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమలులోకి వచ్చింది. ప్రభుత్వ, అసైన్డు, భూదాన, దేవాదాయ భూముల మీద మోసంతో తెచ్చుకున్న పాసు పుస్తకాలను రద్దు చేసే అధికారం అందులో భూపరిపాలన ప్రధాన కమిషనరుకు ఇచ్చారు. మంచిదే. కానీ మన ఎల్‌టీఆర్ ఉత్తర్వులు ఎన్ని ఆ కొత్త రికార్డులోకి ఎక్కాయో గ్రామం గ్రామం సరిచూడకపోతే ఆ అధికారం మన గడప దాకా రాదు.

అడవి పట్టాల సంగతి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి ఇచ్చే హక్కుపత్రం అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. వారసత్వంగా మాత్రమే వస్తుంది. ఒక కుటుంబానికి 4 హెక్టార్లు దాటకూడదు. గిరిజనులైతే 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి సాగులో ఉండాలి. 2023 జూన్ ఆఖరులో రాష్ట్రంలో సుమారు 4 లక్షల ఎకరాలకు లక్షన్నర మందికి పైగా పత్రాలు పంచినప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వాటాయే అన్నిటికన్నా పెద్దది. ఇంత పెద్ద పంపకంలో తప్పుడు పేర్లు దూరితే పట్టుకోగలిగేది గ్రామసభ ఒక్కటే. ఎవరు ఎప్పుడు ఏ చెలక కొట్టారో ఊరికి తెలుసు. ఉపగ్రహం తీసిన బొమ్మకు అంత తెలియదు. ఇక్కడ నేను గట్టిగా హెచ్చరించవలసింది ఒకటుంది. మోసపు పట్టాల ఏరివేత పేరుతో నిజమైన పోడు రైతు మీద చేయి పడకూడదు. అటవీ హక్కుల దరఖాస్తు తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించమని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు అన్నప్పుడు దేశమంతా అడవి పల్లెలు గడగడలాడాయి. ఆ నెల 28న ఆ ఉత్తర్వును కోర్టే నిలిపివేసింది. తిరస్కరించినంత మాత్రాన అది మోసమైపోదు. దరఖాస్తు సరిగా నింపలేకపోయినవాడికీ, కాగితం పుట్టించినవాడికీ మధ్య తేడా ప్రతి ఉత్తర్వులో కనబడాలి.

పోలవరం ముంపు కింద 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి పోయిన కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు మండలాల్లో ఈ విషయం ఇంకా పదునుగా ఉంది. భూమి నీళ్లపాలైతే కాగితానికే డబ్బు. 2013 భూసేకరణ చట్టంలో 41వ సెక్షను కింద ఒక మంచి మాట ఉంది. గిరిజన చట్టాలను కాదని జరిగిన బదలాయింపు చెల్లదు, పునరావాస ప్రయోజనాలు అసలు గిరిజన యజమానికే చెందాలి. నష్టపరిహారం దొంగ పట్టాదారుకు చెల్లించాక వసూలు చేయడం ఎంత కష్టమో ఊహించండి. అందుకని అక్కడ రద్దు చెల్లింపుకు ముందే జరగాలి.

ఏజెన్సీలో రెండు మూడు తరాలుగా ఉంటున్న పేద గిరిజనేతరులు ఈ ప్రసంగం వింటూ ఉంటారు. వాళ్లలో దళితులున్నారు, కుండలు చేసేవాళ్లు, బట్టలుతికేవాళ్లు ఉన్నారు. వాళ్ల కష్టం నాకు తెలుసు. చట్టం రాకముందే న్యాయంగా కొన్నవాళ్లుంటే ఆ రుజువులు జాగ్రత్త చేసుకుని అధికారి ముందు పెట్టండి, మీకు ఆ హక్కు ఉంది. ఇల్లూ వాకిలీ లేనివారికి ప్రభుత్వం వేరే చోట ఆదరువు చూపాలని అడగడం న్యాయమే. అయితే మీ పేదరికాన్ని ముందు పెట్టి, వెనకాల యాభై ఎకరాల జామాయిల్ తోట దాచుకునేవాళ్లకు అడ్డు నిలబడకండి.

కాగితం పుట్టించినవాళ్లకు జైలుందా అని అడిగేవారికి జవాబు ఉంది. భూబదలాయింపు నిబంధనకు 1978లో చేసిన సవరణ కింద ఏడాది దాకా కఠిన కారాగారం. అంతకన్నా బలమైనది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణలో, గిరిజనుల భూమిని అన్యాయంగా ఆక్రమించడమంటే ఏమిటో చెబుతూ, ఆ భూమి రికార్డులు తప్పుగా సృష్టించడాన్నీ అందులో చేర్చారు. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు. దొంగ దస్తావేజు తేలిన ప్రతి ఉత్తర్వు నకలూ పోలీసు స్టేషనుకు వెళ్లాలి. ఇది జరగడం చాలా అరుదు.

కేసు గెలిచినవాళ్లకు, గెలవబోయేవాళ్లకు చివరగా కొన్ని పనులు చెబుతాను. ఉత్తర్వు ధ్రువీకరించిన నకలు మీ చేతిలో ఉండాలి. అప్పీలు పడిందా లేదా, స్టే ఉందా లేదా అన్నది ఐటీడీఏలో రాతపూర్వకంగా అడగండి. స్వాధీనం ఇచ్చే రోజు సర్వేయరు రావాలి, హద్దులు కొలవాలి, గ్రామసభ సభ్యులు అక్కడే ఉండాలి. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టమైన పీసా, అన్యాక్రాంతమైన గిరిజన భూమిని తిరిగి ఇప్పించే అధికారం గ్రామసభకూ ఇచ్చింది, కాబట్టి మీ తీర్మానం పంచనామాకు జతచేయమని అడగండి. తర్వాత వచ్చే పంట కాలంలో రికార్డు నకలు తీయించి అందులో మీ పేరుందో లేదో చూసుకోండి, బ్యాంకుకు ఉత్తర్వు ప్రతి పంపండి. వకీలు ఫీజు భయం వద్దు. 1987 న్యాయసేవల చట్టం కింద గిరిజనులకు, ఆదాయంతో సంబంధం లేకుండా, న్యాయసహాయం ఉచితం. మీ మండల న్యాయసేవల కమిటీలోనో, కొత్తగూడెం, భద్రాచలం కోర్టుల్లోనో తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు. అది రాయడానికి మీ ఊరి బడిలో చదువుకున్న పిల్లను తోడు తీసుకెళ్లండి. స్టాంపు వెనక ఏముందో ఆ పిల్లతోనే చదివించండి.